అడుగంటిన బీరు

మా వంటింటి గూట్లో చాలా ఏళ్లు ఒక ముదురు గోధుమరంగు సీసా ఉండేది. అందులో ఆముదం పోసుకునేదాన్ని. పిల్లల తలకు రాయాలని వాడకట్టు ఆడవాళ్లు ఇంత ఆముదం అడిగితే ఆ సీసానే వంచేదాన్ని. మూత లేదు కాబట్టి గింజలు ఒలిచిన మక్కబెండు కోసి బిరడా పెట్టాను. ఆ సీసా బహ్రెయిన్ నుంచి విమానమెక్కి వచ్చిందని, అందులో ఒకప్పుడు తారులాంటి నల్లటి బీరు ఉండేదని చెబితే అందరూ నన్ను ఎగాదిగా చూసేవారు. నమ్మకపోతే పోనీ, నాకేం నష్టం లేదు.

మాది కరీంనగర్ జిల్లాలో గోదావరికి ఇవతలి ఒడ్డు ఊరు. ఏరు దాటితే ఆదిలాబాద్ జిల్లా. తొంభైల మొదట్లో మా వాడకట్టులో మగవాళ్లు సగం మంది గల్ఫ్‌లోనే ఉండేవాళ్లు. మా ఆయన బహ్రెయిన్‌లో ఒక హోటల్లో పనిచేసేవాడు. ఇంటి దగ్గర అత్త, మామ, నేను. పిల్లలు ఇంకా పుట్టలేదు.

మా మామ నాలుక ఊరందరికీ తెలిసిన నాలుక. పెళ్లి కుదిరిందంటే పందిరి గుంజల కంటే ముందు కల్లు సంగతి తేల్చుకోవడం మా వైపు అలవాటు. పెళ్లివాళ్లు వచ్చి మామను తాటివనానికి తీసుకుపోయేవారు. ఏ చెట్ల కల్లు పెళ్లికి దించాలో ఆయన చెప్పాలి. ఆయన ముందు నురుగు చూసేవాడు. తర్వాత దోనెలా మడిచిన తాటిరేకను ముక్కు దగ్గరకు తెచ్చుకునేవాడు. ఒక గుక్క నోట్లో పట్టి, వెంటనే మింగకుండా, దూరాన మేస్తున్న తన బర్రెను చూసుకుంటున్నట్టు అలా చూసేవాడు. మింగాక కూడా నోరు విప్పడు. గొంతు దిగిన తర్వాత ఏం మిగిలిందో అదే అసలు రుచి అంటాడు. అందరూ ఆయన మొహం చూస్తూ నిలబడితే, అప్పుడు తీరిగ్గా తీర్పు వచ్చేది.

"లొట్టి సరిగ్గ కడుగలే" అనేవాడు. లేదంటే, "చెట్టు అలిసింది, జర ఇడిసిపెట్టు దాన్ని" అనేవాడు.

లొట్టి అంటే చెట్టుకు కట్టే కల్లు కుండ. దాన్ని కట్టే గౌడ్‌ది మామ ఈడే. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. ఊళ్లో ఇంకెవరన్నా తన కల్లుకు వంక పెడితే గౌడ్ కత్తి తీసేంత పని చేసేవాడు కానీ, మామ అంటే మాత్రం తల ఊపి పోయి లొట్టి కడుక్కునేవాడు.

అదే తీర్పు ఇంట్లో కూడా నడిచేది. రోజూ పొద్దున అత్త జొన్న గటక వండేది. జొన్న రవ్వను చిక్కగా ఉడికించి, మజ్జిగ పోసుకుని, చింతకాయ తొక్కు నంజుకుని తినేవాళ్లు. కాలువ నీళ్లు వచ్చాక ఊరంతా వరి అన్నానికి మళ్లింది కానీ వాళ్లిద్దరూ గటక వదల్లేదు. అత్తకు ఒక గుణం ఉండేది. కుండ పొయ్యి మీద పెట్టి, పక్కింటామెతో ముచ్చటకు గోడ దగ్గరకు పోయేది. మాడు వాసన వస్తేనే ఆమెకు ఇల్లు గుర్తొచ్చేది. మామ పళ్లెం ముందు కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, దూరంగా చూసి, మింగి, కాసేపు ఆగి మొదలుపెట్టేవాడు.

"మల్ల మాడవెట్టినవ్. పొయ్యి మీద ధ్యాస ఉంటదా నీకు? గోడకాడ ఏం రాజ్యాలు పంచుతున్నరే?"

"మాడితె మాడింది, తింటె తిను, లేకుంటె లే" అనేది అత్త, బర్రెకు కుడితి కలుపుతూనే.

పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు ఆ లొల్లి విని నేను భయపడ్డాను. తర్వాత అది కోడి కూత లాగా అలవాటైపోయింది.

ఒక వానాకాలం పొద్దున అత్త కుడితి గోలెం దగ్గరే కూలిపోయింది. ఛాతీలో నొప్పి అంది, అంతే. మా ఆయనకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. అక్కడ సెలవు కూడా దొరకలేదు. మూడో రోజు కాకిపిట్టకు ముద్ద పెట్టినప్పుడు మామే స్వయంగా ఆమె కోసం రేకలో కల్లు పోసి పెట్టాడు. ఆ తర్వాత ఆయన కల్లు ముట్టలేదు. అన్నం కూడా మెతుకులు లెక్కపెడుతున్నట్టు తినేవాడు.

"నోట్ల మన్ను వెట్టుకున్నట్టున్నది బిడ్డా. ఏం దెలుస్తలేదు" అనేవాడు.

నేను చేయని వంట లేదు. నాటుకోడి వండాను, తలకాయ కూర వండాను, సర్వపిండి చేశాను, మక్క గారెలు వేశాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. గటక మాత్రం వండలేదు. ఆ ముసలాయన రోజూ తిట్టుకుంటూ తిన్నదాన్ని, దుఃఖంలో ఉన్నప్పుడు మళ్లీ ఎందుకు పెట్టాలి అనుకున్నాను. కరీంనగర్ తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తే, నాలుక చూసి, కడుపు నొక్కి, జబ్బేమీ లేదని ఒక టానిక్ రాసిచ్చాడు. మామ ఆ టానిక్‌ను రోజూ నేను చూడకుండా బంతిచెట్టుకు పోసేవాడు. ఆ ఏడు మా బంతిపూలు మాత్రం విరగబూశాయి. మామ చొక్కా భుజాల మీద నిలవకుండా జారిపోవడం మొదలైంది. అత్త వెనకాలే ఈయన కూడా పోతాడేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

గౌడ్ మాత్రం తన పద్ధతి మానలేదు. రోజూ ఒక లొట్టి తెచ్చి మంచం పక్కన దించి, కాసేపు తనే మాట్లాడి, తనే నవ్వి, అలాగే తీసుకుపోయేవాడు.

మాఘమాసంలో మా ఆయన వచ్చాడు. తండ్రిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి ముందు ఒకరు కూర్చున్నారు కానీ మాటలు రాలేదు. తల్లి పోయినప్పుడు రాలేకపోయిన కొడుకు ఏం మాట్లాడతాడు? మర్నాడు వాడకట్టు ఆడవాళ్లంతా ఆయన తెచ్చిన పూల కంబలి చూడ్డానికి వచ్చి, దాని మీద చేతులు రాసి పోయారు. వాళ్లు పోయాక ఆయన వడ్ల గుమ్మిలోంచి రెండు సీసాలు తీసి నాకు చూపించాడు. ఆ కంబలి మడతల్లో చుట్టి తెచ్చాడట.

"బీరా?" అన్నాను. నాకు ఒళ్లు మండింది. "అన్నం తినని మనిషికి బీరు తెచ్చినవా? గంత దూరం నుంచి తెచ్చేది గిదేనా నీకు దొరికింది?"

"జర ఇనవే. గిది గసొంటి బీరు కాదు. నేను హోటల్ల కౌంటర్ ఎనుకనే ఉంటుంటి గద, ఇంగ్లండోళ్లు వచ్చి గిదే అడుగుతుండిరి. ఒక్కనాడు మా మేనేజర్ నాకు సుత ఇంత పోసి, రుచి ఎట్లుందో చెప్పుమన్నడు. నోట్ల పెట్టుకోంగనే బాపు యాదికొచ్చిండు. బాపు అయితె దీన్ని ఏమంటుండెనో అనుకున్న. అప్పటిసంది గదే మనసుల ఉన్నది."

కొడుకుకు తండ్రి మీద ఉన్న ప్రేమ ఇలా సీసాలో దిగింది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఆ రోజు పొద్దు కాస్త వాలిన వేళ మా ఆయన రెండు సీసాలూ అరుగు మీద పెట్టాడు. మామ వేపచెట్టు నీడలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గౌడ్ తన లొట్టితో వచ్చి కింద కూర్చున్నాడు.

"జర ఆగుండ్రి. ఐసు తెస్త. గిది సల్లగ తాగాలె" అని మా ఆయన సైకిలెక్కి బస్టాండు దగ్గరి సోడా దుకాణానికి పోయాడు.

ఆగడం గౌడ్‌కు చేతకాదు. సీసాను ఎత్తి ఎండకు పట్టి చూశాడు. అవతలి వెలుగు కనబడలేదు. "గిదేంది, బోరు మోటరుకు పోసే నూనె తీరుగున్నది" అన్నాడు. గీత కత్తి వీపుతో మూత పైకి లేపాడు. బుస్సుమని గోధుమరంగు నురుగు పొంగి ఆయన చేతి మీదుగా పంచె మీదికి కారింది. గౌడ్ ఎగిరి అవతల పడ్డాడు.

"ఓరి దేవుడా! గింత నురుగా? గిది పొంగిన కల్లు, లేకుంటె ఏమో కలిపిండ్రు దీంట్ల. తేరనియ్యాలె, తేరినంక గని మంచి చెడ్డ తెల్వది."

కల్లు విషయంలో ఆయన మాట నిజమే. నురుగు ఎక్కువైతే కాసేపు వదిలేస్తారు. నాకూ బీరు గురించి అంతకు మించి తెలియదు కాబట్టి కడిగి బోర్లించిన ఒక ఖాళీ లొట్టి తెచ్చిచ్చాను. గౌడ్ సీసా మొత్తం అందులోకి వంచి, మూతి మీద తడిగుడ్డ కప్పి, నీళ్ల గోలెం పక్కన చల్లగా పెట్టాడు. ఇద్దరమూ పెద్ద పని చేసినట్టు కూర్చున్నాం.

మా ఆయన ఊకలో చుట్టిన ఐసుముక్క గోనెసంచిలో వేసుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. ఖాళీ సీసా చూశాడు, లొట్టి చూశాడు, గుడ్డ తీసి లోపలికి చూశాడు. నురుగంతా చచ్చి, నల్లగా, నిశ్చలంగా ఉంది.

"గిదేం పని మామా!" అని గౌడ్ మీద అరిచాడు. వరసకు ఆయనను మామ అనేవాడు. "గ్యాసంత పోయింది. సముద్రం దాటించి తెస్తి, కుండల పోసి సంపితిరి! పారబోయుండ్రి ఇగ!"

"పారబోసుడేంది అల్లుడా? నా లొట్టిల ఉన్నది నేను ఎన్నడన్న పారబోసిన్నా?"

ఆ లొల్లికి మామ ఇటు తిరిగాడు. "ఏందిరా గది?" అన్నాడు. మా ఆయన వచ్చిన తర్వాత ఆయన తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

గౌడ్ ఇంకెవరికీ మాట్లాడే సందు ఇవ్వలేదు. తాటిరేక మడిచి మామ చేతిలో పెట్టి, లొట్టి వంచాడు. మామ లేచి కూర్చుని, ఎప్పటిలాగే ముందు నాలుగు చుక్కలు నేల మీదికి వదిలాడు. తాగే ముందు ఊరి దేవతకు అలా సాక పోయడం మా దగ్గర అందరి అలవాటు. అత్త పోయాక ఆ చెయ్యి అలా వంగడం అదే మొదటిసారి. తను ఏం చేశాడో ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. ఒక నిమిషం ఆ తడిసిన మన్ను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత రేక ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. నేను బియ్యం చెరుగుతున్న చాట చేతిలో అలాగే ఆగిపోయింది.

ఒక గుక్క నోట్లో పట్టాడు. దూరంగా చూశాడు. మింగాడు. ఆగాడు.

గౌడ్ మాకూ పోశాడు. మా వైపు ఆడవాళ్లు ఇంట్లో కల్లు తాగడం వింత కాదు. నాలుక మీద పడగానే చేదు తగిలింది, నల్ల చాయ్ ఎక్కువ మరిగితే వచ్చే చేదు లాంటిది. వెంటనే ఉమ్మేద్దామనుకున్నాను. ఈలోపు ఆ చేదు వెనకనుంచి మంగలంలో వేయించిన గింజల వాసన వచ్చింది. మింగేటప్పుడు మాత్రం గంజి తాగినట్టు మెత్తగా, చిక్కగా దిగింది. ఆఖరున ముదురుపాకం బెల్లం రుచి గొంతులో కొద్దిగా నిలిచింది. ఇది నేను అనుకున్నంత పాపిష్టిది కాదే అనిపించింది.

"కషాయం. జెరం వస్తె తాగొచ్చు" అని గౌడ్ తేల్చేశాడు.

"హోటల్ల తాగినోళ్లు కాఫీ వాసన అంటుండిరి, చాక్లెట్ అంటుండిరి. బాపు, నువ్వు చెప్పు. ఎట్లున్నది?" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఆశ నాకు వినిపించింది.

మామ రేకను ఇంకోసారి వాసన చూశాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు.

"అడుగంటింది" అన్నాడు.

"ఏంది?"

"గటక. అడుగంటిన గటక రుచి. ఏం గింజలు పోసిండ్రు దీంట్ల?"

మా ఆయన మొహం విప్పారింది. "ఓట్స్ అంటరు బాపు. మన జొన్నల తీరుగ వాళ్లకు అవి. పొద్దుగాల రవ్వ వండుకొని తింటరు. గదే రవ్వ దీంట్ల పోస్తరు. ఇంకో తీరు గింజలను నల్లగ ఏంచి కలుపుతరు."

"గటకనే మరి" అన్నాడు మామ. "వండినోళ్లకు పొయ్యి మీద ధ్యాస లేదు. గోడకాడికి పోయి ముచ్చట వెట్టినట్టున్నరు."

మేమందరం ఒక్కసారే నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాం. మామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. మా ఆయన పోయి మంచం మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. "అవ్వ యాదికొచ్చిందా బాపు?" అని తల్లిని తలచుకున్నాడు. మామ కొడుకు మోకాలి మీద చెయ్యి వేశాడు. నేను లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. అత్త పోయిన రోజు కూడా పనుల్లో పడి నేను అంత ఏడవలేదు.

రెండో సీసాను మా ఆయన తన హోటల్ పద్ధతిలోనే తాగించాలని పట్టుబట్టాడు. ఐసులో పాతిపెట్టి, స్టీలు గ్లాసును వంచి పట్టుకుని, అంచు వెంబడి పోసి, పైన రెండు వేళ్ల నురుగు నిలబెట్టి ఇచ్చాడు. చూడ్డానికి బాగుంది. మామ తాగి, ఆగి, తల అడ్డంగా ఊపాడు.

"సల్లగున్నది, గంతే. ఐసుకు రుచి ముడుసుకున్నది. గా లొట్టిల తేరిన దాంట్లనే చేసినోళ్ల చెయ్యి తెలుస్తున్నది."

మా ఆయన గ్లాసులోది ఒక గుక్క, రేకలోది ఒక గుక్క, మార్చి మార్చి తాగి చూశాడు. చివరికి నవ్వి, గ్లాసు పక్కన పెట్టి రేకే పట్టాడు. గౌడ్ అయితే బీరు మొత్తం తనే గీసి దించినట్టు మీసం సవరించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు రవ్వగా విసిరాను. గటక వండాను. కుండ దగ్గరనుంచి కదలకుండా, గంటె తిప్పడం ఆపకుండా, ఒక్క ఉండ కట్టకుండా, అడుగు అంటకుండా వండాను. అంత చక్కటి గటక మా ఇంట్లో ఎప్పుడూ పుట్టి ఉండదు. మజ్జిగ పోసి, తొక్కు వేసి మామ ముందు పెట్టాను. ఆయన పళ్లెం చూసి మొదట సంబరపడ్డాడు. రెండు ముద్దలు తిన్నాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా" అని చెయ్యి ఆపేశాడు.

అంతే, నాకు కోపం ఆగలేదు. "ఇంక ఎట్ల వండాలె మామా? అత్త వండితె దినాం మాడిందని తిడ్తుంటివి. మాడకుండ వండితె తినవాయె! నేను గూడ మనిషినే. నువ్వు గిట్ల చిక్కిపోతుంటె నాకు పరేషాన్ ఉండదా?"

మామ నా మీద కోపం చేసుకోలేదు. పళ్లెంలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "మాడకపోతె నేనేం మాట్లాడాలె బిడ్డా? ఆమెకు పొద్దంత పని, నాకు పొద్దంత పొలం. గా గటక మాడినందుకే గద, దినాం పొద్దుగాల మేమిద్దరం ఇంత మాట్లాడుకునుడు."

పళ్లెం తీసి లోపలికి తెచ్చుకున్నాను.

తెల్లవారి మళ్లీ కుండ పొయ్యి మీద పెట్టాను. రవ్వ పోశాను, ఉప్పు వేశాను, ఒకసారి తిప్పాను. గంటె పక్కన పెట్టి గోడ దగ్గరకు పోయాను. పక్కింటామె తన బర్రె ఈనిన కథ మొదలుపెట్టింది. నేను ఊ కొడుతున్నాను కానీ చెవులు, ముక్కు అన్నీ మా పొయ్యి దగ్గరే ఉన్నాయి. పొయ్యి మీద తిండిని తెలిసి తెలిసి మాడనివ్వడం ఎంత కష్టమో వంట చేసేవాళ్లకే తెలుస్తుంది. కాళ్లు అటే లాగుతున్నాయి.

"ఏమే, ఏమో మాడుతున్న వాసన వస్తున్నది. నీ పొయ్యి మీద ఏమన్న ఉన్నదా?" అంది ఆమె.

"ఉండనియ్యి" అన్నాను.

ఇక చాలనిపించాక పోయి దించాను. మామ ముందు పళ్లెం పెట్టి తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆయన నా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. మామ ముద్ద ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. దూరంగా, గుంజకు కట్టేసిన బర్రె వైపు చూశాడు. మింగాడు. ఆగాడు.

"ఏం కోడలివే నువ్వు!" అని అరిచాడు మామ. ఆ అరుపుకు గోడ అవతల పక్కింటామె కూడా తల పైకెత్తింది. "పొయ్యి మీద కుండ వెట్టి ఊరు తిరుగవోయినవా? గా సీసల బీరే నయం, గింత మాడవెట్టలే వాళ్లు!"

ముందురోజు కోపంలో అన్నది తప్ప, ఇన్నేళ్లలో నేను మా మామకు ఎదురు చెప్పింది లేదు. ఆ పూట నా నోట అత్త మాట దానంతట అదే వచ్చింది.

"మాడితె మాడింది, తింటె తిను, లేకుంటె లే."

మామ తలెత్తి నన్ను చూశాడు. ఆ మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. తర్వాత దాన్ని నా వైపు జరిపాడు.

"ఇంకింత పెట్టు" అన్నాడు. "అడుగుది."

నేను కుండ అడుగు గోకి పెట్టాను.